జెండా పాట ధర ఎవరికి దక్కింది?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట, అంటే మేలైన సరుకుకు అందరి ముందు జరిగే వేలం, చూడాలి. నిగనిగలాడే ఒక లాట్ చుట్టూ ఖరీదుదారులు, అడ్తిదారులు (కమీషన్ ఏజెంట్లు), రైతులు మూగుతారు. పాట సాగుతుంది, ధర తేలుతుంది. కాసేపటికే ఆ అంకె వాట్సాప్ గ్రూపుల్లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల దాకా పాకుతుంది. అది చూసి ట్రాలీ కట్టించుకుని వచ్చిన రైతు బస్తాను మరునాడు ఒకాయన విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు లాగి, ఒకటి విరిచి చూస్తాడు. “ఏందన్నా, ఇంకా ఆరనేలేదు. తాలు గూడ కలిసింది” అంటాడు. తాలంటే రంగు పోయిన నాసి కాయ. జెండా పాట కన్నా బాగా తక్కువకు బేరం ముగుస్తుంది. ఏటా రైతుల నోట వినిపించే ఫిర్యాదే ఇది.

మరి ఇందులో అబద్ధం ఎవరాడినట్టు? జెండా పాట ధర నిజంగానే ఎవరో ఒక రైతుకు దక్కింది. వెనకొచ్చిన బస్తాల్లో తాలు నిజంగానే ఉండొచ్చు. కాగితం మీద అంతా సక్రమం. అయినా రైతు మోసపోయానని ఇంటికి పోతాడు. వ్యాపారిని కదిలిస్తే “నేనేం తప్పు చేసిన?” అని అంతే నిజాయితీగా అడుగుతాడు. వ్యాపార నీతి గురించి మాట్లాడటం కష్టమయ్యేది ఇలాంటి చోటే. దొంగకాంటా పెట్టినవాడి గురించి మాట్లాడటానికి పెద్దగా ఏముంటుంది? వాడు దొంగ. చిక్కంతా చట్టం దాటకుండానే ఎదుటివాడి జేబు తేలిక చేసే పనుల దగ్గర.

మన దగ్గర దీనికి ఒక తయారు జవాబుంది: వ్యాపారం ద్రోహచింతనం. ఈ సామెత తెలివిగా వినిపిస్తుంది గానీ, నా లెక్కలో ఇది బద్ధకపు మాట. అందరూ దొంగలే అనుకుంటే ఎవరినీ నిలదీసే పని ఉండదు. పైగా లాభానికీ మోసానికీ మధ్య గీత చెరిగిపోతుంది. వంద రూపాయలకు కొన్న సరుకును నూట ఇరవైకి అమ్మడం ద్రోహం కాదు. ఆ ఇరవైలో షాపు కిరాయి ఉంది, హమాలీ కూలి ఉంది, సరుకు పాడైపోతే మోయాల్సిన నష్టం ఉంది, వ్యాపారి ఇంటి ఖర్చుంది. ద్రోహం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే తరుగు, అంటే తూకంలోనో ధరలోనో పెట్టే కోత సంగతి చూడాలి.

ఒకే కోత, రెండు పద్ధతులు

పత్తిని కేంద్ర ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ కొనేటప్పుడు తేమ కొలుస్తారు. 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే కొనరు. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం వస్తే నాలుగు శాతం, అంటే 324 రూపాయల చిల్లర పోతుంది. రైతుకు ఇది నచ్చకపోవచ్చు. వానాకాలం సాగి, అక్టోబరులో కూడా ముసురు పట్టిన ఏడాది 12 శాతం గీత అన్యాయమని వాదించొచ్చు కూడా. కానీ ఆ కోత ఎంతో రైతు కొడుకు ఫోన్లో ఇంటి దగ్గరే లెక్కేసుకోగలడు. మీటరు చూపించమని అడగగలడు. ఇంకో రెండు రోజులు ఆరబెట్టి తేగలడు.

ఇక వడ్ల కల్లం దగ్గరికి పోదాం. 40 కిలోల బస్తా తూచాలి. గోనె సంచి బరువు ఆరు వందల గ్రాముల లోపే ఉంటుంది, అంతవరకు ఎక్కువ తూచడం న్యాయం. వడ్లకు తేమ హద్దు 17 శాతం, ఆ లోపుంటే కోతకు కారణమే లేదు. అయినా ‘తరుగు’ పేరుతో బస్తాకు ఇంకో రెండు కిలోలు తీసుకున్నారనుకోండి. వంద క్వింటాళ్లంటే 250 బస్తాలు. బస్తాకు రెండు కిలోల చొప్పున ఐదు క్వింటాళ్లు. 2025–26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయల మీద లెక్కిస్తే 11,945 రూపాయలు. ఎందుకు తీశారంటే కొనుగోలు కేంద్రం వాళ్లు మిల్లు వాళ్లను చూపిస్తారు, మిల్లు వాళ్లు వడ్లలోని తాలును, అంటే పొల్లు గింజలను చూపిస్తారు. తూకం, ధర, కోతలు రాసిచ్చే తక్‌పట్టీ మీద ఆ రెండు కిలోలు ఎక్కడా కనిపించవు.

రెండూ కోతలే. రెంటిలోనూ రైతు నష్టపోయాడు. కానీ మొదటిదాని సూత్రం గోడ మీద రాసి పెట్టొచ్చు. రెండోదాన్ని రాసి పెట్టలేరు. రాస్తే ఆ రోజే గొడవ. నాకు తెలిసినంతలో నీతికి ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష లేదు: ఈ లెక్కను ఎదుటివాడి ముందు విప్పి చూపగలమా? చూపలేకపోతే మనసులో ఎన్ని సమర్థింపులున్నా ఏదో తేడా ఉన్నట్టే.

ఒప్పుకున్నాడు సరే, కాదనగలడా?

అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. అడ్తి దుకాణం అప్పు చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అని ముందే చెబుతారు, దాచేదేమీ లేదు. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతమని రైతుకు తెలుసు. పంట అదే దుకాణానికి తేవాలన్నది కూడా ముందు అనుకున్న మాటే. డబ్బు వెంటనే కావాలంటే క్యాష్ కటింగ్ పేరుతో నూటికి ఒకటో రెండో పట్టుకుంటారని కూడా తెలిసిందే. అంతా బాహాటం. రైతు తల ఊపాడు, సంతకం పెట్టాడు.

కానీ తల ఊపక ఏం చేస్తాడు? జూన్‌లో వాన పడ్డ మూడో రోజుకు విత్తనం కావాలి. బ్యాంకులో పాత బాకీ ఉంది. కౌలు రైతైతే పట్టా పాస్‌బుక్ ఆయన పేరున ఉండదు, బ్యాంకు మెట్లెక్కి లాభం లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికేది అడ్తిదారే. అందుకే రైతులు ఆయన్ని ఒకేపూట తిట్టుకుంటారు, దండం పెట్టుకుంటారు. ఆ రెండూ నిజమే. పెళ్లికీ ఆసుపత్రికీ ఆదుకున్న అడ్తిదారులు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయినా కాదనే వీలు లేనివాడి దగ్గర తీసుకున్న ఒప్పుకోలుకు బరువు తక్కువ. పంట ఎక్కడైనా అమ్ముకో, నా అసలు వడ్డీ నాకియ్యి అనే అడ్తిదారుకూ, ఇక్కడే అమ్మాలనే అడ్తిదారుకూ వడ్డీ రేటు ఒకటే కావచ్చు. నీతిలో మాత్రం ఇద్దరి మధ్య చాలా దూరం ఉంది.

ఈ తేడాను చట్టం కూడా ఒక చోట గుర్తించింది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. కానీ గత్యంతరం లేక ఇవ్వాల్సివచ్చి, ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ నేరం అంటదు. పని తొందరగా కావాలని మామూలు ముట్టజెప్పిన కాంట్రాక్టరునూ, తండ్రి చనిపోయాక విరాసత్ (భూమి వారసుల పేరుకు మార్పు) కోసం తిరిగి తిరిగి చివరికి చేతిలో పెట్టిన మనిషినీ ఒకే గాటన కట్టలేదన్నమాట. తెలంగాణ అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబరు 1064. ఆ వారం రోజుల సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను.

రైతు తప్పు లేదా?

ఉంది. దీన్ని దాటేస్తే ఈ వ్యాసమే అడ్డగోలు అవుతుంది. బస్తా పైన ఎర్రటి కాయ, నడుమ తాలు పెట్టి కుట్టే చేతులూ ఉన్నాయి. పత్తి మీద నీళ్లు చల్లి తెచ్చేవాళ్లూ ఉన్నారు. వ్యాపారి మోచేతి దాకా చెయ్యి దూర్చడం ఊరికే నేర్చుకోలేదు.

ఇక్కడ జరిగేదాన్ని జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంత ఉదాహరణతో వివరించారు. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. కొనేవాడికి మంచి సరుకేదో, చెడ్డదేదో తెలుసుకునే వీల్లేకపోతే అన్నిటికీ నడిమి ధరే కడతాడు. ఆ ధరకు మంచి సరుకున్నవాడికి గిట్టదు, సంతకు రావడం మానేస్తాడు. అప్పుడు మిగిలిన సరుకు ఇంకా నాసిరకం. ధర ఇంకా పడుతుంది. ఎనుమాములలో మాట్లాడుకుంటే ఇలా ఉంటుంది: కల్లంలో ఇంటిల్లిపాదీ కూర్చుని తాలు ఏరిన రైతుకూ, ఏరని రైతుకూ ఒకే రేటు వస్తే, వచ్చే ఏడు మొదటి రైతు కూడా ఏరడు. ఏరడానికి కూలి ఖర్చుంది, దానికి ఫలితం లేదు. “తేమ ఉంటదని వాళ్లు ముందే కోస్తరు, అందుకే మేం నీళ్లు చల్లుతం” అని రైతు, “వాళ్లు నీళ్లు చల్లుతరు, అందుకే ముందే కోస్తం” అని వ్యాపారి. ఇద్దరూ అవతలివాడి తప్పునే పెట్టుబడిగా వాడుకుంటారు. ఈ ముడి ఎవరు వేశారో వెతకడం దండగ. కొలిచే పద్ధతి ఇద్దరి కళ్లెదుటికి వస్తే తప్ప అది విడిపోదు.

2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఈ కాయను టమాటా మిర్చి అని కూడా అంటారు. ఇలాంటి గుర్తింపులో ఉన్న మెలిక ఏమిటంటే, పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒక వ్యాపారి వేరే కాయ కలిపి చపాటా అని అమ్మితే ఆ సీజన్‌కు ఆయన బాగుపడతాడు. పరువు పోయేది మాత్రం తామర, నల్లి పురుగులతో కొట్లాడి పంట తీసిన అందరిదీ.

నమ్మకం మీద వ్యాపారం నిలుస్తుందన్న ఎరుక ఓరుగల్లుకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో కోస్తాలోని మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ఇకమీదట నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. దీన్ని రాజుగారి దయగా చదవొచ్చు. నాకు మాత్రం అందులో గట్టి వ్యాపార బుద్ధే కనిపిస్తుంది. ఒక ఓడ సరుకు గుంజుకుంటే ఒక్కసారి లాభం, ఆ కబురు అందిన వంద ఓడలు ఇంకో రేవు చూసుకుంటాయి. ఆ మాటను రాతి మీద, నలుగురూ చదివేచోట చెక్కించడమే అసలు విశేషం. దర్బారులో అని ఊరుకుంటే ఎవరు నమ్మేవారు?

చిన్న సందు

మంచివాళ్లు తప్పుడు లెక్కలోకి ఎలా దిగుతారన్నది ఇంకో ప్రశ్న. తెలుగువాళ్లకు దీనికి పెద్ద పాఠం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు రాసిన లేఖ ఒక సంగతి ఒప్పుకుంది. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో కొద్ది తేడానే ఉండేదట. ఏళ్లు గడిచేకొద్దీ అది పూడ్చలేనంత అయింది. చివరికి మోసం ఏడు వేల కోట్ల రూపాయల పైమాటగా తేలింది. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అంత పెద్ద కుంభకోణానికి మొదలు ఒక త్రైమాసికంలో “ఈసారికి ఇలా చూపిద్దాం, వచ్చేసారి సరిచేద్దాం” అన్న మాటే అయ్యుంటుంది. కిరాణా కొట్టు యజమాని సరుకు లెక్కలోనూ ఇదే మాట వినబడుతుంది. తేడా సున్నాలదే.

చీటీల్లోనూ ఇదే దారి. వరంగల్, హనుమకొండల్లో చిట్టీ కట్టని మధ్యతరగతి ఇల్లు అరుదు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టే ముందే దాని మొత్తానికి సమానమైన డిపాజిట్ రిజిస్ట్రార్ పేరున చూపాలి. నిర్వాహకుడి కమీషన్‌కు హద్దు ఉంది, 2019 సవరణతో ఐదు నుంచి ఏడు శాతానికి పెంచారు. ఐదు లక్షల చిట్టీ మీద ప్రతి పాటకు 35 వేల దాకా తీసుకోవచ్చు. అది ఆయన కష్టానికి దక్కే న్యాయమైన సొమ్ము. చందాదారుల డబ్బును రెండు నెలలు ప్లాట్లలో తిప్పుదామన్న ఆలోచన వచ్చిన రోజున గాడి తప్పుతుంది. భూమి ధర పెరిగినంతకాలం ఎవరికీ తెలియదు. అమ్మకాలు ఆగిన నెలలో పాట పాడుకున్నవాడికి “వచ్చే నెల ఇస్తం” అన్న జవాబు వస్తుంది. కూతురి పెళ్లి ముహూర్తం వచ్చే నెల దాకా ఆగదు. ఆఫీసు ముందు జనం చేరేనాటికి నిర్వాహకుడు “నేనెవరినీ ముంచాలనుకోలే” అంటాడు. బహుశా నిజమే చెబుతున్నాడు. ముంచాలని అనుకోకపోవడం వేరు, ఎదుటివాడి డబ్బుతో వాడికి చెప్పకుండా జూదం ఆడకపోవడం వేరు.

ఆడవాళ్ల గ్రూపులకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల కథ ఇంకో కోణం చూపిస్తుంది. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో, వరంగల్ ప్రాంతంతో సహా, వాయిదాల వేధింపులతో జరిగిన ఆత్మహత్యలు పెద్ద వార్తయ్యాయి. ఆ వసూలుకు వచ్చిన కుర్రాళ్లు రాక్షసులేమీ కాదు. డిగ్రీ చదివి, బండి మీద రోజుకు ఇన్ని ఊళ్లు, ఇంత వసూలు అన్న టార్గెట్‌తో తిరిగిన మన పక్కింటి పిల్లలే. ఒక్కరు కట్టకపోతే గ్రూపు మొత్తం కట్టాలన్న నియమం ఆడవాళ్లను ఆడవాళ్ల మీదికే ఉసిగొల్పింది. పైన కూర్చుని టార్గెట్ వేసినవాళ్లకు ఆ గుమ్మం ముందు జరిగిన అవమానం కనబడదు. ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు చేసిన పనుల్లో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: వసూళ్లు ఇంటి గుమ్మంలో కాకుండా గ్రామ పంచాయతీ ఆఫీసు దగ్గర, లేదా నిర్ణయించిన బహిరంగ స్థలంలో జరగాలి. నలుగురి కళ్ల ముందు అప్పు అడిగే తీరు వేరుగా ఉంటుందని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు.

ఇంటి దాకా వస్తే

బజారు మాటలు ఇంట్లో వర్తించవని అనుకుంటాం. ఊళ్లో ఆర్‌ఎంపీని, అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఊరి డాక్టరును చూడండి. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. పెద్ద జబ్బైతే కారు మాట్లాడి హనుమకొండ ఆసుపత్రికి తీసుకుపోయేదీ ఆయనే. ఆయనకు కొంత ముట్టాలనడంలో తప్పులేదు. కానీ అది రోగి కట్టే బిల్లులో శాతంగా, రోగికి తెలియకుండా వస్తే ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలన్న నిర్ణయం జబ్బును బట్టి జరగదు. రోగుల్ని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం డాక్టర్లకు తప్పని వైద్య మండలి 2002 నియమావళి స్పష్టంగా చెబుతుంది. మంచం పక్కన నిలబడ్డ రోగి అన్నతో “ఈ బిల్లులో ఇంత నాది” అని ఆ ఆర్‌ఎంపీ చెప్పగలడా? “రాత్రంతా తిరిగినందుకు నాకు రెండు వేలు ఇయ్యండి” అని మాత్రం చెప్పగలడు, ఏ ఇంటివాళ్లయినా సంతోషంగా ఇస్తారు. సొమ్ము అంతే కావచ్చు, వచ్చిన దారి వేరు.

ములుకనూరులో ఏం చేశారు

ఇంతకూ అప్పు ఇచ్చినచోటే పంట అమ్మాలన్న ఏర్పాటు దానంతటది పాపమేమీ కాదు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ములుకనూరు సహకార సంఘం 1956 నుంచి చేస్తున్నది దాదాపు అదే. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ఈ సంఘం అప్పు ఇస్తుంది, ఎరువు, విత్తనం ఇస్తుంది, పంట అమ్మిపెడుతుంది. అడ్తి దుకాణం చేసే పనులే. అయితే ఇక్కడ దుకాణం రైతులదే. లెక్కలు మహాసభలో చదువుతారు. నచ్చకపోతే లేచి అడగొచ్చు, పాలకవర్గాన్ని ఓటుతో దించొచ్చు. అదే ఊరి మహిళల స్వకృషి డెయిరీలోనూ పాల డబ్బు వెన్న శాతాన్ని బట్టి వస్తుంది. నీళ్లు కలిపితే పక్కింటామె ముందే తేలిపోతుంది.

ములుకనూరును చూసి వచ్చినవాళ్లు అక్కడి మనుషులే వేరు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ మండలం మనుషులే ఇంకో బజారులో తాలు కలుపుతారు, తేమ పేరుతో కోస్తారు. అడిగే హక్కూ అడిగేచోటూ ఉండటమే అక్కడి తేడా.

అన్ని ఊళ్లలో ములుకనూరులు లేవు కాబట్టి అడిగే పని ఒక్కొక్కరి మీదే పడుతుంది. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి. ఆ ముద్ర చూపమనడం వ్యాపారిని అవమానించడం కాదు. తక్‌పట్టీలో కోతలన్నీ విడివిడిగా రాయమనాలి. విత్తనం కొన్నప్పుడు లాట్ నంబరుతో పక్కా బిల్లు తీసుకుని, ఖాళీ సంచిని పంట చేతికొచ్చేదాకా పారేయకుండా ఉంచుకోవాలి. విత్తనం మొలకెత్తక నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ కేసులో ఎదురుగా నిలబడ్డది జాతీయ విత్తన సంస్థ. ఫోరంలో ఫిర్యాదు చేసినవాళ్లు తెలుగు రైతులే.